గోవా దారిలో జడ్చర్ల

హైదరాబాదునుండి గోవాకు కార్లలో బయలుదేరు యువకులలో కొందరు జహీరాబాదు మీదుగా పడమటికి సాగిపోవుదురు గాని, షాద్‌నగరు దారి పట్టినవారికి మాత్రము జడ్చర్లను తప్పించుకొనుట సాధ్యము కాదు. ఇచ్చట కుడివైపునకు మరలినవారు మహబూబునగరము, రాయచూరుల మీదుగాను, మరలక 44వ నంబరు జాతీయ రహదారిపైననే తిన్నగా సాగినవారు కర్నూలు, బళ్ళారుల మీదుగాను తుదకు ఆ సముద్రతీరమునే చేరుకొందురు. బాదేపల్లి మార్కెట్టుకు వేరుశనగ బస్తాలు తెచ్చు బండ్ల ప్రక్కగా, పోలేపల్లి మందుల కర్మాగారములలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చు కార్మికుల బస్సుల ప్రక్కగా ఆ కార్లు దూసికొనిపోవును. 2018 జూన్ 29వ తేదీన విడుదలయిన ‘ఈ నగరానికి ఏమైంది’ అను చిత్రములోని నలుగురు మిత్రులు కూడ త్రాగిన మైకములో గోవాకు పయనమయినవారే. వారు ఏ దారిన పోయిరో ఆ కథకు పట్టింపు లేదు. ఉండవలసిన పనియు లేదు. అయినను ఆ చిత్రమునకును, దానికి అన్నలని అనదగిన మరికొన్ని చిత్రములకును మన విమర్శకులు, ప్రేక్షకులు, పురస్కార సంఘములవారు ఇచ్చిన తీర్పుల చరిత్రను చెప్పబూనినప్పుడు, ఈ కూడలియే అందుకు తగిన చోటని నాకు తోచినది. ఏలయనగా, నగరమున యౌవనము ఎట్లు గడచునో చూపు చిత్రమును, ఆ నగరమునకు తన పిల్లలను పంపు ఊరు ఎట్లు చూచునన్న ప్రశ్న మన సమీక్షలలో అరుదుగా గాని వినబడదు.

చదువు ముగించి, బ్రతుకు దారి తెలియక దిక్కులు చూచు పట్టభద్రుడు తెలుగు తెరకు క్రొత్తవాడు కాడు. 1955లో విజయావారి ‘మిస్సమ్మ’లో ఎన్.టి. రామారావు, సావిత్రి ధరించిన పాత్రలు రెండును నిరుద్యోగులైన విద్యావంతులవే; అయితే చక్రపాణిగారు వారిని పట్టణమునుండి పల్లెకు, జమీందారుగారి బడికి పంపి, ఉద్యోగమును, దానితోపాటు దాంపత్యమును గూడ అచ్చటనే సమకూర్చిరి. పల్లెకు ఇంకను నలుగురికి అన్నము పెట్టు శక్తి కలదని ఆనాటి కథకులు నమ్మిరి. 1981 జనవరిలో ‘ఆకలి రాజ్యం’ వచ్చునప్పటికి ఆ నమ్మకము చెదరిపోయినది. కె. బాలచందర్ తమిళమున ‘వరుమైయిన్ నిరం శివప్పు’గాను, తెలుగున ఈ పేరుతోను తీసిన ఆ చిత్రములో, కమల్ హాసన్ ధరించిన రంగ అను యువకుడు ఢిల్లీ నగరమున ఉద్యోగము వెదకికొనుచు, తమిళమున భారతిని, తెలుగున శ్రీశ్రీని వల్లించుచు, తన చదువు తన కడుపు నింపజాలదని దినదినము తెలిసికొనును. వచ్చిన అతిథికి తమ పస్తు తెలియరాదని ఆ మిత్రులు ఖాళీ పళ్ళెముల ముందు కూర్చుండి, వడ్డించుకొన్నట్లును, రుచికి లొట్టలు వేసినట్లును అభినయించు ఘట్టమును చూచినవారు మరచిపోలేరు. నగరములో ఎదుగుట యనగా ఆ చిత్రమునందు ఆకలితో ఎదుగుటయే. చివరకు రంగ క్షురక వృత్తిని చేపట్టి తన చేతికష్టముపై నిలబడును. గణేశ్ పాత్రో సంభాషణలు, ఆత్రేయ పాటలు ఆనాటి నిరుద్యోగ యువకుల నోళ్ళలో నానినవి. నేటికిని ఆ చిత్రమును తలచువారు మొదట మెచ్చుకొనునది ఆ మాటలనే. దర్శకుడు ఇరుకు గదిలో నలుగురి దేహముల మధ్య దూరములను ఎట్లు కొలిచెనో చెప్పువారు తక్కువ. మాటను విని తీర్పు చెప్పుట, దృశ్యమును చూచి తీర్పు చెప్పకుండుట మన విమర్శకు మొదటినుండియు ఉన్న అలవాటే.

ఆ రోజులలో జడ్చర్ల వంటి ఊళ్ళకు ముందు తీర్పు వచ్చును, తరువాత చిత్రము వచ్చును. రీలు పెట్టె నగరపు థియేటర్లలో ఆడి, జిల్లా కేంద్రమున మరికొన్నాళ్ళు తిరిగి, అరిగి గీతలు పడిన తరువాత గాని ‘సి సెంటర్’ అని వ్యాపారస్థులు పేరుపెట్టిన ఊళ్ళలో దిగెడిది కాదు. పెట్టె కన్న ముందే ‘బాగున్నదట’, ‘పోయినదట’ అను మాట బస్సు దిగెడిది. 1966లో ‘విజయచిత్ర’, 1976లో ‘సితార’ పత్రికలు వెలువడుటతో సినిమా సమాచారము ఇంటింటికిని చేరినది. అంతకుముందే కొడవటిగంటి కుటుంబరావు వంటివారు సినిమాను సాహిత్యముతో సమానమైన గాంభీర్యముతో చర్చించి యుండిరి. అయినను సామాన్య ప్రేక్షకుని చెవికెక్కిన విమర్శ ఆ వ్యాపార పరిభాషయే. ఏ, బి, సి అను విభజన వసూళ్ళ లెక్క కొరకు పుట్టినదే గాని, క్రమముగా సమీక్షలలోనికి చొరబడి, ‘ఇది ఏ సెంటర్ సినిమా’ అనుటయే ఒక విమర్శగా చెల్లిపోయెను. నగరములోని చదువుకొన్నవారికి నచ్చునన్నది ఆ మాటలోని ప్రశంస. చిన్న ఊళ్ళవారికి పట్టదన్నది అందులోని తీర్మానము. జడ్చర్లవానిని అడుగకయే, అతనికి ఏది పట్టదో నిర్ణయించిన ఈ తీర్మానమును నేను ఏనాడును అంగీకరించినవాడను కాను.

నగర యౌవనము తనంతట తాను కథావస్తువు కాదగునని మన ప్రాంతమున మొదట చాటినది తెలుగు చిత్రము కాకపోవుట విచిత్రము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున రసాయన సాంకేతిక విద్య నభ్యసించి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి, ఆ సంపాదనలో కూడబెట్టిన సొమ్ముతో నాగేశ్ కుకునూర్ 17 లక్షల రూపాయల వ్యయమున, 17 దినములలో చిత్రీకరించిన ‘హైదరాబాద్ బ్లూస్’ 1998లో వెలువడినది. 12 ఏండ్ల తరువాత స్వస్థలమునకు తిరిగివచ్చిన యువకుడు తన ఇంటిలో తానే చుట్టమైపోవుట దాని ఇతివృత్తము. భాష అధికాంశము ఇంగ్లీషు, నడుమ నడుమ హిందీ, తెలుగు. ఇంటిలో తల్లిదండ్రులతో ఒక భాష, మిత్రులతో ఒక భాష, తనలో తాను మరియొక భాష మాట్లాడుకొను నగరవాసికి అది అద్దమువలె కనబడినది. ఆంగ్ల పత్రికలు దానిని నెత్తికెత్తుకొన్నవి. తెలుగు పరిశ్రమకు అది తన చిత్రమని గుర్తింపదగినదిగా కనబడలేదు.

ఆ గుర్తింపును తెలుగులోనికి తెచ్చినవాడు శేఖర్ కమ్ముల. చైతన్యభారతి ఇంజనీరింగు కళాశాలలో చదివి, వాషింగ్టన్‌లోని హోవార్డు విశ్వవిద్యాలయమున చలనచిత్రకళను అభ్యసించిన ఈయన తొలి చిత్రము ‘డాలర్ డ్రీమ్స్’ 47వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో తొలి చిత్ర దర్శకునికిచ్చు ఇందిరాగాంధీ పురస్కారమును పొందినది. చదువు పూర్తి చేసిన మిత్రబృందము అమెరికాకు పోవుటయా, ఇచ్చటనే నిలుచుటయా అను సందిగ్ధములో కొట్టుమిట్టాడుట తప్ప అందులో వేరొక కథ లేదు. పురస్కారము వచ్చినంతమాత్రమున ప్రేక్షకులు రాలేదు. 2004 అక్టోబరు 15న ‘ఆనంద్’ను, మంచి కాఫీ వంటి సినిమా యను ప్రచారవాక్యముతో, చిరంజీవి ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ విడుదలయిన దినముననే థియేటర్లకు పంపిన సాహసము ఫలించి, మౌత్ టాక్ అనునది ఎంత బలమైనదో నిర్మాతలకు తెలిసివచ్చినది. ఆ తరువాతనే 2007 అక్టోబరు 2న ‘హ్యాపీ డేస్’ వచ్చెను.

దీని వద్ద కొంచెము నిలువవలెను. నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు, నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు. ర్యాగింగుతో మొదలయి వీడ్కోలుతో ముగియును. ప్రతినాయకుడు లేడు, పగ లేదు, పరిష్కరింపవలసిన చిక్కు లేదు. ‘కథ ఏదీ?’ అని అడుగుట అలవాటయిన సమీక్షకులకు ఇట్టి చిత్రము చేతికి చిక్కదు. సహజత్వమును మెచ్చుకొందురు, సంగీతమును మెచ్చుకొందురు, పిదప నిడివి ఎక్కువైనదని ఒక వాక్యము చేర్చి ముగింతురు. థియేటరులో కూర్చున్న విద్యార్థి ఆ ప్రశ్నయే అడుగలేదు. తన కళాశాలలో తాను గడపిన, లేక గడపగోరిన, దినములను వరుసగా గుర్తించుకొనుచు పోయెను. ఆ యేటి ఫిలింఫేర్ పురస్కారములలో ఉత్తమ తెలుగు చిత్రము, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ సంగీత దర్శకుడు అను గౌరవములు ఈ చిత్రమునకే దక్కినవి. మలయాళమున అనువాదమై కేరళలో కూడ యువజనులను ఆకర్షించినది. కన్నడమున ‘జాలీ డేస్’గాను, తమిళమున ‘ఇనిదు ఇనిదు’గాను మరల తీయబడినది.

అది వచ్చిన కాలమును గూడ గమనింపవలెను. తెలుగునేలపై ఇంజనీరింగు కళాశాలలు విరివిగా వెలసిన దినములవి. కొద్దికాలమునకే ప్రభుత్వము ఫీజులు భరించు పథకము తోడై, పాలమూరు, అనగా మహబూబునగరము, జిల్లాలో తండ్రి తట్ట మోసిన ఇంట కొడుకు డ్రాఫ్టరు సంకన పెట్టుకొని నగరపు బస్సెక్కుట సాధ్యమయినది. ఆ కొడుకునకు ‘హ్యాపీ డేస్’ ఒక వాగ్దానముగా కనబడినది. తీరా చేరిన కళాశాల ఏ బంజరు భూమిలోనో నాలుగు గోడలై, ల్యాబులో పరికరములు లేక, క్యాంటీనులో వెచ్చని ప్రేమకథలును లేక వెలవెలబోవుచుండినచో, అతడు చిత్రమును నిందింపలేదు, తన అదృష్టమునే నిందించుకొన్నాడు. ఈ వ్యత్యాసమును ఎత్తిచూపుట విమర్శకుని పని. ఆ చిత్రమునందు ఫీజు గడువు దాటినదని ఎవరికిని గుండె దడ పుట్టదన్న సంగతిని సమీక్షలు పట్టించుకొనకపోవుటలో ఆశ్చర్యమేమియు లేదు. వ్రాయువారును, చదువువారును అప్పటికి అధికముగా ఆ దడ ఎరుగనివారే.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఈ కథలకు మరియొక చెవి తెరచికొన్నది. అంతవరకును తెరపైన తెలంగాణపు మాట వినబడినచో, మాట్లాడువాడు రౌడీయో హాస్యగాడో కావలెనన్నది అలిఖిత శాసనము. 2016 జూలై 29న విడుదలయిన ‘పెళ్ళిచూపులు’లో తరుణ్ భాస్కర్ ఆ శాసనమును వాదములేకుండ, ఒక్క నినాదమైనను చేయకుండ ప్రక్కకు నెట్టివేసెను. అచ్చంపేట ప్రాంతపు మూలములు గల విజయ్ దేవరకొండ, ‘అనుకోకుండా’ అను లఘుచిత్రమున ఇదే దర్శకుని వద్ద నటించిన రీతూ వర్మ నాయికానాయకులు. పెండ్లిచూపులకు వచ్చిన అబ్బాయియు, అమ్మాయియు గదిలో మాట్లాడుకొనుచుండగా తలుపు బిగుసుకొనిపోవును. బయటివారు దానిని తెరచులోపల ఒకరి ఓటములను ఒకరు విందురు. తలుపు తెరచికొన్న తరువాత వచ్చినది వేరొకరి యింటికని తెలియును. ఇంజనీరింగు ముక్కుచు మూల్గుచు గట్టెక్కి, వంటయందు తన వృత్తిని కనుగొను యువకుడు, తండ్రి అడ్డుపడినను వ్యాపారముపై మనసు నిలిపిన యువతి. వీరిద్దరు కలసి ఫుడ్ ట్రక్కు నడుపుట. ఇంతే కథ. మిత్రుని పాత్రలో ప్రియదర్శి మాట్లాడిన మాటకు హైదరాబాదు నవ్వెను, మహబూబునగరము నవ్వెను, విజయవాడయు నవ్వెను. ఆ నవ్వులో ఎగతాళి లేదు. సమీక్షకులు దాదాపు ఏకకంఠముతో ప్రశంసించిరి. 64వ జాతీయ పురస్కారములలో ఉత్తమ తెలుగు చిత్రముగా అది ఎన్నికగుటయే గాక, సంభాషణలకు తరుణ్ భాస్కర్ వ్యక్తిగతముగా పురస్కారమందెను. హిందీ, మలయాళ, తమిళ భాషలవారు దానిని తమదిగా మలచుకొనిరి. వివేక్ సాగర్ సంగీతమునకును, నగేశ్ బనెల్ ఛాయాగ్రహణమునకును కీర్తి దక్కినది.

ఇంతటి ఏకాభిప్రాయమును పొందిన దర్శకుని రెండవ చిత్రముపై అందరు కత్తులు నూరుకొని కూర్చుందురు. డి. సురేష్ బాబు నిర్మించిన ‘ఈ నగరానికి ఏమైంది’కి పేరు థియేటర్లలో చిత్రమునకు ముందు వేయు ధూమపాన వ్యతిరేక ప్రకటననుండి పుట్టినది, ఆ ప్రశ్న వినగానే ప్రేక్షకులు నవ్వుటకు అప్పటికే అలవాటుపడి యుండిరి. విశ్వక్ సేన్, సాయి సుశాంత్ రెడ్డి, అభినవ్ గోమఠం, వెంకటేశ్ కాకుమాను ధరించిన నలుగురు మిత్రులు కళాశాల దినములలో లఘుచిత్రములు తీయగోరినవారు. ఒకనికి ప్రేమభంగము, ఆపై మద్యము. ఒకడు పబ్బు మేనేజరై, యజమాని కుమార్తెతో పెండ్లికి సిద్ధమయినవాడు. ఒకడు డబ్బింగు గొంతు. ఒకడు పెండ్లి వీడియోలు కూర్చువాడు. పరుల పెండ్లిండ్ల తలంబ్రాలకు పాటలు అతికించుచు, తాను తీయగోరిన చిత్రమును తలపోయు ఆ నాలుగవవాని కొలువును దర్శకుడు రెండు మూడు దృశ్యములలో తేల్చివేసెను గాని, నా దృష్టిలో చిత్రమునకు ఆయువుపట్టు అదియే. మన ఊళ్ళలో ఫొటో స్టూడియో నడుపు ప్రతివాని కంప్యూటరులోను ఎచ్చటనో ఒక మూల, ఎవరికిని చూపని లఘుచిత్రమొకటి ఉండునని నేను నమ్ముదును.

2018లో తొలి శుక్రవారపు సమీక్షలు మిశ్రమముగా వచ్చినవి. హాస్యము సహజమనిరి, నటులు క్రొత్తవారైనను తడబడలేదనిరి, గోవా చేరిన తరువాత కథ సన్నగిలినదనిరి. ఐదింట ఇన్ని మార్కులని వేయు పద్ధతిలో ఇట్టి చిత్రమునకు ఎప్పుడును రెండున్నరకును మూడింటికిని నడుమ ఎచ్చటనో చోటు దొరకును. ‘పెళ్ళిచూపులు’తో పోల్చని సమీక్ష అరుదు, ఆ పోలికయే దానికి శాపమైనది. థియేటర్లలో అది ఒక మోస్తరుగా ఆడి వెళ్ళిపోయినది. వెళ్ళిపోయి, ఫోనులలో తిరిగి పుట్టినది. అందలి మాటలు మీములుగా తునియలు తునియలై, హాస్టలు గదులలో, ఆఫీసు వాట్సాప్ గుంపులలో, మాట్లాడుటకు సంకోచించువాని బదులు తామే మాట్లాడసాగినవి. అప్పటికి తెలుగునాట పాత చిత్రములను మరల విడుదల చేయు వేడుక మొదలయినది. 2022 ఆగస్టులో ‘పోకిరి’ని మహేశ్ బాబు పుట్టినదినమున వేసినట్లు, ఆ వేడుకలు తారల పుట్టినరోజులను అంటిపెట్టుకొని యుండెను. 2023 జూన్ 29న ఈ చిత్రమును మరల విడుదల చేసినప్పుడు మాత్రము అది ఏ తార పుట్టినదినమును కాదు, చిత్రము పుట్టినదినము. థియేటర్లు నిండినవి, తెరపై పాత్ర నోరు విప్పకముందే కుర్చీలలోనివారు ఆ మాటను పూర్తిచేసిరి. 2018లో మోస్తరన్నవారిలో పలువురు ఇప్పుడు దానిని ఆణిముత్యమనిరి. 2025లో రెండవ భాగము కూడ ప్రకటింపబడినది.

ఈ రెండు తీర్పులలో నాకు ఏదియు పూర్తిగా సమ్మతము కాదు. తొలి సమీక్షలు ద్వితీయార్ధము సాగినదన్న మాట నిజమే. కాని ఏమియు చేయక కాలము జార్చుకొను మనుష్యుల చిత్రమున కాలము జారుట దోషమా, వస్తువా అని ఆలోచింపలేదు. పునర్విడుదల నాటి జేజేలును నమ్మదగినవి కావు. అవి చిత్రమును గాక, మిత్రులతో కలసి దానిని ఫోనులో చూచిన తమ దినములనే అభినందించుకొన్న జేజేలు. ఇరువురును విడిచిపెట్టిన లోపమొకటి కలదు. నాయిక యేల విడిచిపోయెనో మనకు తెలియునది విడువబడినవాని కోపమునుండియే. ఆమె నగరము, ఆమె ఎదుగుదల ఆ చిత్రమున లేవు. ‘పెళ్ళిచూపులు’లో రీతూ వర్మ పాత్రకు దక్కిన న్యాయము ఇచ్చట దక్కలేదు. ఆ కారణముచేతనే నేను దీనిని మొదటి దానికన్న ఒక మెట్టు క్రింద నిలుపుదును.

జడ్చర్లనుండి చూచినచో ఇంకొక సంగతి తోచును. ‘ఆకలి రాజ్యం’లోని రంగ నగరమునకు బయటినుండి వచ్చినవాడు, ‘హ్యాపీ డేస్’నాటి నుండి మన యౌవనచిత్రముల నాయకుడు అధికముగా నగరములోనే ఇల్లున్నవాడు. అతని ఓటమి బాధాకరమే గాని, ఓడిపోయిన రాత్రి అతనికి తల్లి అన్నము పెట్టును. పాలమూరు వలసలకు పేరుపడిన నేల. ఇచ్చటి తరములు దేశపు ఆనకట్టలకు మట్టి మోసినవి, ఇచ్చటినుండి బొంబాయి బస్సులు నేటికిని కదలుచున్నవి. ఈ బస్సెక్కినవాని కొడుకు ఇప్పుడు అమీర్‌పేటలో కోర్సులు నేర్చుచు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో నలుగురితో గది పంచుకొనుచు, పండుగకు మాత్రము జడ్చర్ల కూడలిలో దిగును. వాడును ‘ఈ నగరానికి ఏమైంది’ని పునర్విడుదలలో చూచి, అందరితోపాటు ఆ మాటలను అరచినవాడే. నవ్వులో వాడు పరాయివాడు కాలేదు. కాని తెరపైని నలుగురిలో వానికి చోటులేదు. ‘ఏ సెంటర్ సినిమా’ అని గీత గీసిన పాత విమర్శకులు తలక్రిందుగా చూచిరి: ఈ ఊరి పిల్లవానికి ఆ చిత్రము సంపూర్ణముగా అర్థమయినది, ఆ చిత్రమునకే ఈ ఊరి పిల్లవాడు తెలియడు.

ఇచ్చటి బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ కళాశాలలో నేడు చదువుచున్నవారిలోగాని, నగరపు హాస్టలు గదిలో ఈ పత్రిక తిరుగవేయుచున్నవారిలోగాని, కెమెరా పట్టగలవారు తప్పక ఉందురు. లక్షలు అక్కరలేదు, గోవా అక్కరలేదు. బాదేపల్లి మార్కెట్టునుండి అమీర్‌పేట వరకు గల దారి చాలును. మీలో ఎవరైన ఆ చిత్రమును తీసినచో తొలి శుక్రవారమునాడే టిక్కెట్టు కొని చూతును. నచ్చనిచో నచ్చలేదనియే వ్రాయుదును.